మీరు బార్ – తొమ్మిదో భాగం: గోటి చప్పుడు

మా నాన్న బార్ గుమ్మం దాటడానికి కుడికాలు ఎత్తాడు, వెనకాల బండి మీద బీరు పీపా ఉంది, లోపల మా వదిన గ్లాసులు తుడుస్తోంది. పోయినవారం అక్కడ ఆపేసినందుకు మీలో కొందరు నన్ను బాగానే తిట్టుకున్నారని విన్నాను. ఆ కాలు ఎక్కడికీ పోలేదు. అది అక్కడిదాకా ఎందుకు వచ్చిందో కొత్తగా చేరినవాళ్ళకి రెండు ముక్కల్లో చెప్పి, కింద పెట్టిస్తాను.

ఈ బార్ మా అత్తగారు పెట్టింది. మా పెళ్ళినాటికే ఆవిడ లేరు. ఇప్పుడు మా ఆయనా, ఆయన అక్కా కలిసి నడుపుతున్నారు. కలిసి అని మాటవరసకి అన్నాను గానీ, నడిపేది వదినే. ఇన్నేళ్ళూ మాకు బీరు కాచి ఇచ్చిన ముసలాయన చూపు మందగించి పొయ్యి ఆర్పేశాడు. ఆయన పంపిన ఆఖరి పీపా అడుగంటింది. వదిన ఇంకో ఇద్దరి దగ్గరికి వెళ్ళి చూసొచ్చి, ఇద్దర్నీ వద్దంది. ఇక మిగిలింది మా నాన్న కారఖానా ఒక్కటే. పుట్టింటి సరుకు మెట్టినింటికి వస్తే ఇద్దరికీ మంచిదే కదా అని బేరం కుదిర్చింది నేను. మా ఆయన 'సరే మామయ్యగారూ' అని మాట కూడా ఇచ్చేశాడు. వదిన మాత్రం మా నాన్న కారఖానా చూసొచ్చిన దగ్గర్నుంచి ఆ ఊసే ఎత్తలేదు. అక్క ఒప్పుకోకపోతే బార్ వదిలేసి మామగారి కారఖానాలో చేరిపోతానని మా ఆయన నా దగ్గర ఒట్టేశాడు. అంటే ఇప్పుడు వదిన కాదంటే బార్ మూతపడుతుంది, అక్కాతమ్ముళ్ళు విడిపోతారు, మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్కనవుతాను.

మీరు బార్ అనే పేరు మేం పెట్టుకున్నది కాదు, తాగడానికి వచ్చేవాళ్ళు పెట్టింది. ఈ గుమ్మం దాటాక ఎవరైనా ఎవరినైనా మీరు అనాల్సిందే. అది మా అత్తగారి కట్టుబాటు. తాగినవాడు నోరు జారతాడు, అది మన చేతుల్లో లేదు, పోసేవాళ్ళం మాత్రం జారకూడదు అనేవారట. ఇంట్లో తమ్ముణ్ణి ఒరేయ్ ఎద్దూ అని పిలిచే మా వదిన ఇక్కడ 'తమ్ముడుగారూ' అంటుంది. ఆయన 'అక్కగారూ' అంటాడు. మొదట్లో నాకు నవ్వాగేది కాదు. కొట్లాటలు కూడా అలాగే జరుగుతాయి మా దగ్గర. 'మీ పళ్ళు రాలగొడతానండీ' అని ఒకాయన లేస్తాడు. ఆ అండీ దగ్గరికి వచ్చేసరికి సగం కోపం దిగిపోయి, కూర్చుంటాడు.

సరుకు ఇచ్చేవాళ్ళకీ వదిన కొలత ఇదే. ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు గేటు నుంచి వెళ్ళదు. వెనకవైపు, మూటలు మోసేచోట, గిన్నెలు కడిగేచోట నిలబడి కాసేపు వింటుంది. ఐసు ఇచ్చే ఆయన్ని అలా విన్నాకే మార్చేసింది. ఆయన తన మనుషుల్ని పిలిచేది నాలుగు కాళ్ళ జంతువుల పేర్లతో. తువ్వాళ్ళు ఉతికే ఆవిడ పనివాళ్ళని చెడామడా తిడుతుంది, అయినా నెగ్గింది. ఎందుకంటే ఆవిడ తిట్టేది 'మీ చేతులు పడిపోయాయా తల్లీ, పిండలేరా మీరు' అని. బీరు కోసం చూసిన మొదటివాడు నోటిదురుసు వల్ల పోయాడు. రెండోవాడి మాట తేనెలా ఉంది గానీ, పక్కవాడి దగ్గర కొట్టేసిన సరుకు తన పేరున అమ్ముతాడని తేలింది. 'దొంగ సరుకు మా అమ్మ బార్లోకి రాదు' అని వదిన అతని ముఖం మీదే చెప్పేసి వచ్చింది.

ఇప్పుడు మా నాన్న కాలు కింద పెట్టాడు.

మిట్టమధ్యాహ్నం. ఇంకా తలుపులు బయటివాళ్ళకి తియ్యలేదు. స్టూళ్ళన్నీ కౌంటర్ మీద తలకిందులుగా ఉన్నాయి. మా నాన్న ఒకటి దించుకుని, రుమాలుతో తుడుచుకుని కూర్చున్నాడు. కూతురి అత్తింటివాళ్ళ బార్లో కూర్చోవడం మర్యాద కాదని ఇంతవరకూ ఈ గడప తొక్కని మనిషి, సొంత కొట్లో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

"ఏమ్మా అమ్మాయ్, బాగున్నావా? గ్లాసులు నువ్వే తుడుస్తున్నావేంటి? పనివాళ్ళు ఏమైపోయారు?"

"బాగున్నాను మావయ్యగారూ. ఇక్కడ అందరం తుడుస్తాం," అంది వదిన. "ఇంకో మాట. ఇక్కడ మేం ఒకరినొకరు మీరు అనుకుంటాం."

"నిన్ను కూడానా? నా కూతురి ఈడుదానివి."

"నన్ను అనకపోయినా పర్లేదు. మిగతావాళ్ళని అనండి చాలు."

మా నాన్న నవ్వాడు. పిల్లలు చెప్పే మాటలకి పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది. పీపా లోపలికి దొర్లించి, కుళాయి బిగించే హడావుడిలో మా ఆయన తన చొక్కా మీద కాస్త, నేల మీద కాస్త బీరు ఒలకబోశాడు. మా నాన్న బూటు కూడా తడిసింది. పని చెప్పడం అలవాటైన మనిషి కదా, తల తిప్పకుండానే సింకు వైపు చెయ్యి ఊపాడు.

"ఏయ్ సీసా, ఆ గుడ్డ ఇటు పడెయ్."

సింకు దగ్గర ఉన్నది మా పిన్నిగారు. గ్లాసులు కడిగే ఆవిడని మేమంతా అలాగే పిలుస్తాం. ఆవిడ చుట్టూ చూసి, తర్వాత పక్కనున్న ఖాళీ సీసాల వైపు చూసి, ఒక సీసా పట్టుకుని తీసుకొచ్చింది.

"ఇదేనా అండీ మీరు అడిగింది?"

నవ్వు రావాల్సిన చోటే గానీ ఎవరం నవ్వలేదు. పాపం ఆవిడకి తెలియదు. మా నాన్న కారఖానాలో సీసాలు కడిగే ఆడవాళ్ళందరి పేరూ సీసానే. పొట్టి సీసా, నల్ల సీసా, కొత్త సీసా. మా ఇంట్లో భోజనాల దగ్గర ఆ మాటలు నేను పుట్టినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను. ఆ కడిగే షెడ్డు వైపు మాత్రం నన్నెప్పుడూ పోనిచ్చేవారు కాదు. వదిన కారఖానా వెనక నిలబడి ఏం వినొచ్చిందో నాకు అప్పుడు అర్థమైంది.

వదిన ముఖంలో ఏమీ మారలేదు. తనే గుడ్డ తెచ్చి మా నాన్న ముందు పెట్టింది. తర్వాత కొత్త పీపా నుంచి ఒక గ్లాసు పట్టి, సగం తాగింది.

"బాగుంది," అంది.

మా ఆయన కూడా తాగాడు. నెగ్గినవాడిలా పెదాలు తుడుచుకున్నాడు. "అక్కగారూ, అచ్చం మన ముసలాయన బీరులాగే ఉంది. వచ్చేవాళ్ళకి తేడా కూడా తెలీదు. మీరు అనవసరంగా కంగారు పడ్డారు."

అది నిజం. పెళ్ళయిన కొత్తలో ఈ బార్లో బీరు తాగినప్పుడల్లా నాకు పుట్టిల్లు గుర్తొచ్చేది. బెంగ పెట్టుకున్నాను కాబోలు, అందుకే అన్నిట్లోనూ పుట్టింటి రుచి కనిపిస్తోంది అనుకునేదాన్ని.

"ఏ ముసలాయన?" అన్నాడు మా నాన్న. "నాలాగే కాసేవాడు ఇంకొకడున్నాడా? ఏదీ, అడుగున మిగిలింది ఉంటే ఒక గుక్క పొయ్యి."

పాత పీపా వంచి, మిగిలినదంతా పిండితే అరగ్లాసు వచ్చింది. మా నాన్న తాగి, నోట్లోనే కాసేపు ఉంచుకుని, మింగాడు. మళ్ళీ తాగాడు. ఏమీ అనలేదు. ఇలాంటప్పుడు ఏదో ఒక వంక పెట్టకుండా ఉండే మనిషి కాడు మా నాన్న. అందుకే నాకు ఆ మౌనం నచ్చలేదు.

"మీ బీరు చాలా బాగుంది మావయ్యగారూ," అంది వదిన. "కానీ మేం తీసుకోం."

మా ఆయన చేతిలో గ్లాసు కౌంటర్ మీద చప్పుడుగా పడింది.

"ఎందుకో చెప్తావా, లేక కారణం లేకుండానే నా మొహాన తలుపేస్తున్నావా?" అన్నాడు మా నాన్న.

"చెప్తాను. మా గ్లాసులోకి వచ్చేది ఎక్కడినుంచి వస్తుందో అక్కడ కూడా మనుషుల్ని మనుషుల్లా పిలవాలి. ఇక్కడ పిన్నిగారూ అని పిలిచి, ఆవిడ కడిగిన గ్లాసులో, ఏయ్ సీసా అని పిలిచే కారఖానా బీరు పోసి అమ్మలేను. ఆ మీరు అనే మాట నాకే నాటకంలా వినిపిస్తుంది."

"ఓహో. మందు అమ్ముకునేవాళ్ళు నాకు మర్యాద నేర్పుతారన్నమాట."

"నేర్పడం లేదు. కొనడం లేదు, అంతే."

"చూడమ్మాయ్. నా దగ్గర పనిచేసేవాళ్ళు ఎవరూ కష్టంగా ఉందని నాకు చెప్పలేదు. వానకి తడవకుండా షెడ్డు వేయించాను. ఒంట్లో బాగోకపోతే మందులు ఇప్పిస్తాను. పిలిచే పిలుపులో ఏముంది? నా దగ్గరున్నవాళ్ళు ఒకరా ఇద్దరా, అందరి పేర్లూ పెట్టుకుని జపం చెయ్యనా?"

"అందరివీ వద్దు. ఒక్కరి పేరు చెప్పండి."

మా నాన్న నోరు తెరిచాడు. మళ్ళీ మూసి, వదిన తెచ్చిన గుడ్డ తీసుకుని బూటు తుడుచుకోసాగాడు. నేను ఆయన వైపు చూడలేక కుళాయి వైపు చూశాను.

ఈలోపు మా ఆయన అందుకున్నాడు. కోపంలో కూడా 'మీరు' అనడం మర్చిపోలేదు. ఆ మాట కత్తికి ఒరలా కాదు, కత్తిలాగే తగిలింది ఆ రోజు. "అక్కగారూ, మీకు మీ పంతం తప్ప ఇంకేమీ అక్కర్లేదు. రేపు తలుపు తీస్తే పొయ్యడానికి ఏముంది మీ దగ్గర? మీ మర్యాద గ్లాసుల్లో పోసి ఇస్తారా? మాట ఇచ్చింది నేను. నా మాటకి విలువ లేని చోట నేనుండను. మీరే ఏలుకోండి."

"మీరు మాట ఇచ్చే ముందు నన్ను అడగాల్సింది తమ్ముడుగారూ."

"అడిగితే మీరేమంటారో తెలుసు కాబట్టే అడగలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఈ బేరం నేను పెట్టకపోయి ఉంటే ఈ ఇద్దరూ ఇప్పుడు స్టూళ్ళు దించుకుంటూ, ఒకరినొకరు గారూ గారూ అని ఆట పట్టించుకుంటూ ఉండేవాళ్ళు. నా మీద నాకే ఒళ్ళు మండింది, ఆ తర్వాత ఆ ముగ్గురి మీదా మండింది.

వదిన మళ్ళీ తుడుపు పని అందుకుంది. ఆవిడకి కోపం వస్తే చేతులు ఆగవు. గ్లాసు తుడిచాక అందరిలా వెలుతురుకి ఎత్తి చూసే అలవాటు లేదు వదినకి. నడిమివేలి గోటితో అంచు మీద ఒకటి, తిప్పి అడుగున ఒకటి కొడుతుంది. మంచి గ్లాసు ఖంగుమంటుంది. కంటికి కనపడని బీట ఉంటే మొద్దుగా పలుకుతుంది. నేను కూడా నేర్చుకోవాలని చూశాను గానీ, నాకు గోరు విరిగింది తప్ప విద్య రాలేదు.

ఖంగ్. ఖంగ్. పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది.

మా నాన్న లేచి వెళ్ళిపోబోతున్నవాడల్లా ఆగాడు.

"ఆ కొట్టడం ఎక్కడ నేర్చుకున్నావు?"

వదిన ఇంకో గ్లాసు అందుకుంది.

"నిన్నే అడుగుతున్నాను. అంచు మీద ఒకటి, అడుగున ఒకటి. అది మా అమ్మ పెట్టిన పద్ధతి. సీసా వేడినీళ్ళలోంచి తీశాక పగులు తెలియాలంటే చూపు పనికిరాదు, చెవి కావాలి అనేది. నా షెడ్డులో తప్ప ఇంకెక్కడా అలా కొట్టరు. ఎక్కడ నేర్చావు?"

"మా అమ్మ దగ్గర."

వదిన చేతిలోని గ్లాసు కింద పెట్టి, కౌంటర్ వెనక గోడ వైపు పక్కకి జరిగింది. ఇంతసేపూ ఆవిడ నిలబడ్డ చోటు వెనకే మా అత్తగారి ఫోటో ఉంది. మా నాన్న కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. దగ్గరికి వెళ్ళాడు. చాలాసేపు చూశాడు.

"సీసా," అన్నాడు నెమ్మదిగా.

మా ఆయన అక్క వైపు చూశాడు, మామగారి వైపు చూశాడు. "ఏమిటిది? అక్కగారూ, అమ్మ అక్కడ పనిచేసిందా?"

"మీరప్పుడు ఉయ్యాల్లో ఉన్నారు," అంది వదిన. కళ్ళు మాత్రం మా నాన్న మీదే ఉన్నాయి. "నన్ను తొట్టి పక్కన కూర్చోబెట్టుకుని కడిగేది. ఆ తొట్టి ఇప్పటికీ అక్కడే ఉంది, మొన్న చూశాను. ఏళ్ళ తరబడి మా అమ్మని ఆ మాటతో పిలిచారు మావయ్యగారూ మీరు. నేను కూడా అదే ఆవిడ పేరు అనుకున్నాను చిన్నప్పుడు. బళ్ళో అమ్మ పేరు చెప్పమంటే సీసా అని చెప్పి నవ్వులపాలయ్యాను. ఆ సాయంత్రం అమ్మ నన్నేమీ అనలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. ఎప్పుడో తర్వాత, ఈ బార్ తలుపు మొదటిసారి తీసిన రోజు, ఈ గుమ్మంలో నిలబెట్టి నాకు మీరు అనడం నేర్పింది."

సింకు దగ్గర పిన్నిగారు చేతులు కొంగుకి తుడుచుకుంటూ నిలబడిపోయింది.

"మరి ఇవన్నీ తెలిసి నా కూతుర్ని ఎలా చేసుకున్నారు మీ ఇంట్లోకి?" అన్నాడు మా నాన్న. గొంతు ఇంకా గట్టిగానే ఉంది.

"ఆ పిల్ల ఏం చేసిందని? మీ కారఖానాకి కూడా, మారి ఉంటారేమో చూద్దామనే వెళ్ళాను. కొనాలనే వెళ్ళాను." వదిన ఫోటో మీద వేలు పెట్టింది. "పేర్లు గుర్తుండవన్నారు కదా. ఈవిడ పేరు ఫోటో కింద రాసే ఉంది. చదవండి. చివర గారు అని కలపండి. అంతే నేను అడిగేది. చదివితే ఆ పీపా ఇక్కడే ఉంటుంది, ఇక ముందు బీరంతా మీదే."

ఇంత చిన్న కోరిక. చదువుకున్న మనిషి, కళ్ళద్దాలు పెట్టుకునే ఉన్నాడు, అక్షరాలు అరచేతి దూరంలో ఉన్నాయి. నా పుట్టిల్లూ, నా మెట్టినిల్లూ, నా మొగుడూ, వాళ్ళక్కా, అందరూ ఆ ఒక్క పేరు చివర వేలాడుతున్నారు. చదువు నాన్నా, అని లోపల్లోపలే బతిమాలాను. అంతకుముందు ఆయన్ని నేను దేనికీ బతిమాలలేదు.

"చదవండి మామయ్యగారూ," అన్నాడు మా ఆయన. ఇందాకటి పౌరుషం ఏమైందో, ఇప్పుడు ఆ గొంతులో తల్లి పేరు వినాలన్న ఆశ తప్ప ఇంకేమీ లేదు. "మా అమ్మ పేరండీ అది. చదవండి."

మా నాన్న పెదాలు కదిలాయి. చదువుతున్నాడనే అనుకున్నాను. ఆ తర్వాత ఆయన చూపు ఫోటో మీంచి కిందికి దిగి, కౌంటర్ మీది అరగ్లాసు దగ్గర ఆగింది. ముసలాయన బీరు తాగిన గ్లాసు. దాన్ని తీసి, అడుగున మిగిలిన నురగ వైపు చూసి, కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"ఇందాకటి నుంచీ అదే అనుకుంటున్నాను, నా బీరు రుచి ఇంకెక్కడి నుంచి వచ్చిందా అని," అన్నాడు. "అల్లుడూ, పాలు పెరుగవ్వాలంటే తోడు కావాలి. బీరుకీ తోడు కావాలి. నా దగ్గరున్న తోడు మా తాత నాటిది. చావకుండా కాపాడుకుంటూ వచ్చాం, పక్కింటివాడికి కూడా చుక్క ఇచ్చింది లేదు. అలాంటిది ఈ బీరులో అదే ఉంది. నా నాలుక నన్ను మోసం చెయ్యదు."

"అయితే?" అన్నాడు మా ఆయన.

"మీ అమ్మ నా దగ్గర మానెయ్యలేదు. నేనే వెళ్ళగొట్టాను. ఒకరోజు పొద్దున తోడు కుండ ఒకటి కనపడలేదు. నేను పోలీసుల దగ్గరికి వెళ్ళలేదు, ఆడమనిషి, పిల్లల తల్లి అని. కుండ తియ్యలేదని ఏడ్చింది. ఆ తర్వాతే ఈ బార్ పెట్టిందన్నమాట, బీరు మీ ముసలాయన చేత కాయించిందన్నమాట." మా నాన్న వదిన వైపు తిరిగాడు. "దొంగ సరుకు మా అమ్మ బార్లోకి రాదన్నావటగా అమ్మాయ్. ఊరంతా చెప్పుకుంటున్నారు. మరి ఈ బార్ పునాదిలో ఉన్నదేమిటో మీ తమ్ముడుగారికి చెప్పావా?"

వదిన కోప్పడుతుందనుకున్నాను. నీళ్ళు చల్లినట్టు ఒక్క మాటతో చల్లారుస్తుందనుకున్నాను. నాకు తెలిసిన వదిన అదే. ఆవిడ ఇంకో గ్లాసు తీసింది. తుడిచింది. గోరు ఎత్తింది. కొట్టకుండానే పక్కన పెట్టేసింది.

"అబద్ధమని చెప్పండి అక్కగారూ," అన్నాడు మా ఆయన.

మా నాన్న పీపా బండి మీదికి ఎక్కించుకోకుండానే గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. ఆయన్ని ఆపాలో, ఇక్కడే ఉండాలో తెలియక నేను సగం దూరంలో నిలబడిపోయాను. వదిన ఫోటో వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. తమ్ముడి వైపు చూసింది.

"తలుపు గడియ పెట్టి రారా," అంది. "నువ్వు కూర్చో, చెప్తాను."